నాలుగో అంతస్తు గంట

నా పడక్కుర్చీ కోసం నలుగురు మనుషుల్ని చంపించాను. కంగారుపడకండి, సినిమాలో.

ఊరి చివర తాకేటా పేటలో మా బావమరిది ఇంటి కప్పు కురుస్తోంది. వానాకాలమంతా ఊరి నడుమ పబేడాన్ పేటలోని మా నాలుగో అంతస్తు ఇంట్లోనే ఉంటాడని మా ఆవిడ విజయ ప్రకటించింది. పేరు భీమరాజు, మా వాళ్ల నోట బీమరాజు. నూట పది కిలోలు. అతను కూర్చునే కుర్చీకి ముందు బీమా చేయించాలి. బాల్కనీ పక్కనున్న ఆ పేము పడక్కుర్చీ ఒక్కటే ఈ ఇంట్లో నా మాట వినేది.

కాదంటే యుద్ధం. అందుకే విజయని భయపెడదామనుకున్నాను. టీకొట్టు సత్యారావు ఓ పాత హాలీవుడ్ హత్యల సినిమా పెన్‌డ్రైవులో ఇచ్చాడు. "చుట్టపుచూపుగా వచ్చిన బావమరిదే అందర్నీ చంపుతాడు. చివర చూళ్లేదు గానీ ఆడే" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, మబ్బుకి గది చీకటైంది. సినిమా పెట్టాను. అది మొదట నాటకమట. అందుకే మొత్తం ఒకటే హాలు, ఒకటే సోఫా. ఖర్చు తక్కువ, శవాలెక్కువ. పనివాళ్లని పిలిచే గంట తాడు గోడన వేలాడుతుంటుంది. ఎవరూ లాగకుండా అది మోగిందా, ఒకడు పోయినట్టే. రెండు గంటల సినిమాలో నాలుగు గంటలు మోగాయి.

"చూశావా? చుట్టాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఇంతే."

"ఆడు చంపినట్టు చూపించారేటి?"

"మొహం చూడవే!"

"మొహాన్ని బట్టయితే మిమ్మల్నెప్పుడో పట్టుకుపోదురు. ఆ చెమటలేటి?"

"ఉక్క."

"ఫేను తిరుగుతోంది కదేటి?"

సినిమాలో డిటెక్టివు లేచి "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు. కరెంటు పోయింది. మా ఊరి కరెంటు కరెక్టుగా అక్కడే పోతుంది.

విజయ కొవ్వొత్తి కోసం వంటింట్లోకి వెళ్లింది. బయట వాన, లోపల చీకటి. అప్పుడు మోగింది. టింగ్.

సినిమా గంట కాదు, మా గంట. ఎవరు మెట్లెక్కుతారని మా వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ ఓ తాడు రోడ్డు దాకా వదులుతాం. కిందివాళ్లు లాగితే పైన గంట మోగుతుంది. చివరనున్న క్లిప్పుకి తాళంచెవి తగిలించి దించుతాం, కూరలైతే లాక్కుంటాం.

వంగి చూశాను. వీధిలో పురుగు లేదు.

టింగ్. నా కళ్లముందే తాడు ఊగింది.

"విజయా!" పలకలేదు. వంటింట్లో ఏదో దబ్బున పడింది. కుర్చీ వెనక నక్కాను.

గడ్డం కింద కొవ్వొత్తి వెలుగుతో ఓ మొహం తేలుతూ వచ్చింది. కెవ్వుమన్నాను.

"ఏటా అరుపు? పీట పడిందంతే."

"గంట మోగుతోందే... కింద ఎవరూ లేరు..."

"అమ్మో, నాకూ బయ్యంగా ఉంది. ఇంట్లో ఇంకో మగాడుంటే బాగుణ్ను."

టింగ్!

"మీ తమ్ముడేడీ?"

"ఆడొద్దన్నారు కదేటి, చంపేస్తాడని?"

"చంపితే తెలిసినవాడే చంపనీ! పిలువే!"

"ఎన్నాళ్లకి?"

"వానాకాలం పొడుగునా!"

"మరి కుర్చీ?"

టింగ్, టింగ్, టింగ్!

"ఇచ్చేశాను!"

విజయ బాల్కనీలోంచి వంగి, "ఒరే బీమా, ఇంక చాల్రా" అంది. కింద మూడో అంతస్తులో, పద్మక్క బాల్కనీలోంచి ఓ లావుపాటి చెయ్యి మా తాడుని వదిలింది. నేను వీధి దాకా చూశాను గానీ మధ్యలో ఇంకో బాల్కనీ ఉందని తట్టనే లేదు.

"నిన్న మీ లుంగీ ఉతకబోతే పెన్‌డ్రైవు దొరికింది. సినిమా అప్పుడే చూసేశాను" అంది విజయ. గ్రిల్లు తాళంచెవి క్లిప్పుకి తగిలించి, నా చేతుల్తోనే అతనికి దించాను.

కరెంటొచ్చింది, సినిమా మళ్లీ పెట్టాం. డిటెక్టివు వేలు చూపించాడు. హంతకుడు ఇంటాయన! చుట్టాలొచ్చి తన కుర్చీలో కూర్చుంటే ఓర్వలేకట.

"బావా, నన్ను చంపవు కదా?" అన్నాడు భీమరాజు, నా కుర్చీలోంచి. నేను వంటింటి పీట మీదున్నాను.

ఇప్పుడా గంటకి ఇంకో తాడు వేసి, కుర్చీ చేతికి కట్టుకున్నాడు. టీ కావాలంటే లాగుతాడు.

టింగ్. ఉండండి, వస్తాను.