ఉష్ణం మాస్టారి శీతలీకరణ చర్యలు

ఉష్ణం మాస్టారి ఇంటి ముందు గదిలోకి ఒకేసారి ఇద్దరికి మించి ప్రవేశించరాదనీ, ఆ గదిలో ఇస్త్రీ పెట్టె వాడరాదనీ, ఎండలో పడి వచ్చినవారు వరండాలో పది నిమిషాలపాటు చల్లారిన తరువాతే లోపలికి రావాలనీ సోమవారం ఉదయం ఉత్తర్వులు వెలువడ్డాయి. వాటిని మాస్టారే రాసి, మాస్టారే సంతకం పెట్టి, మాస్టారే గోడకు అంటించారు. ఇంట్లో ఉన్నదే ముగ్గురు. అందులో ఒకరు మాస్టారు, ఒకరు కంప్యూటర్ మీద పని ఉన్న కూతురు. మొదటి నిబంధన ఎవరి కోసమో మాస్టారి భార్యకు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఇంతకీ వచ్చిపడిన ఉపద్రవం ఏమిటంటే, మాస్టారు స్వహస్తాలతో తయారు చేసిన కంప్యూటర్‌కు ఒళ్లు కాలిపోతోంది. దాని మెదడైన ప్రాసెసర్ వేడి తొంభై తొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. పని మొదలుపెట్టిన పదకొండో నిమిషానికి యంత్రం కీచుమని ఆరిపోతోంది.

మాస్టారు ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. అందులోనూ ఉష్ణం పాఠమంటే ఆయనకు ప్రాణం. మిగిలిన పాఠాలు సిలబస్ కోసం చెబుతారు, అది మాత్రం మనసు పెట్టి చెబుతారు. పిల్లలు ఆయనకు ఉష్ణం మాస్టారని పేరు పెట్టింది అందుకేనని ఆయన నమ్మకం. ఆయన కోపం చూసి పెట్టారని గిట్టనివాళ్లు అంటారు. ఏదైతేనేం, మాస్టారు దాన్ని బిరుదుగా స్వీకరించారు. అలాంటి మనిషి ఇంట్లోనే వేడి తోక జాడించింది.

అది ఉత్త పరువు సమస్యే అయితే మనకు పట్టేది కాదు. మాస్టారి కూతురు భవనాల రూపకల్పన చదువుతోంది. ఆఖరి సంవత్సరం. తాను ఊహించి గీసిన గ్రంథాలయంలో మనిషి నడుస్తూ తిరుగుతున్నట్టు ఒక వీడియో తయారు చేసి, పై సోమవారం కాలేజీలో అప్పగించాలి. గీతలన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాటిని బొమ్మలుగా మార్చి వీడియోగా కూర్చడానికి కంప్యూటర్ పద్నాలుగు గంటలు ఏకధాటిగా పని చేయాలి. పదకొండు నిమిషాలకే పడిపోయే యంత్రంతో ఆ పని ఎలా చేయించాలో ఏ లెక్కల మాస్టారూ చెప్పలేడు. వీడియో అందకపోతే ఆ పిల్ల అదే ఏడాదిని మళ్లీ చదవాలి.

రెండు వీధుల అవతల మాస్టారి బావమరిదికి కంప్యూటర్ల దుకాణం ఉంది. కంప్యూటర్ కొందామనుకున్న రోజునే అతను వచ్చి, "మీకెందుకు బావగారూ ఈ శ్రమ? నేనే బిగించి, అన్నీ చూసి పంపిస్తా. మీరు స్విచ్ వేసుకోవడమే," అన్నాడు. ఆ ఒక్క మాటతో సమస్త భౌతికశాస్త్రానికీ అవమానం జరిగిపోయింది.

"వేడి సంగతి నువ్వు నాకు చెబుతావుటోయ్? నేను పాఠం చెప్పడం మొదలుపెట్టేనాటికి నువ్వు నిక్కర్లేసుకుని తిరిగేవాడివి," అన్నారు మాస్టారు.

తరువాత విడిభాగాలన్నీ వేరే చోట కొని, మూడు సాయంత్రాలు ముందు గది నేలంతా పరుచుకుని, కంప్యూటర్ బిగించారు. ఉన్నమాట చెప్పుకోవాలి, చాలా శ్రద్ధగా బిగించారు. వైర్లు జడ అల్లినట్టు అల్లారు. మిగిలిపోయిన స్క్రూలను కూడా డబ్బాలో పోసి భద్రపరిచారు.

ఒక్క చిన్న విషయం. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగేసే భాగాన్ని కూలర్ అంటారు. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి అంటించి ఉంటుంది. బిగించే ముందు దీన్ని తీసివేయండి అని ఎర్రటి అక్షరాలు కూడా ఉంటాయి. మాస్టారు ఆ అక్షరాలు చదివారు. రెండుసార్లు చదివారు. అయితే మాస్టారి వంశంలో కొత్త వస్తువుకున్న ప్లాస్టిక్ తీసిన చరిత్ర లేదు. వాళ్ల ఫ్రిజ్ కొని ఏడేళ్లయింది, తలుపు మీది పొర ఈనాటికీ ఉంది. సోఫా మీద ఎవరైనా కూర్చుంటే ఇల్లంతా కరకరలాడుతుంది. టీవీ రిమోట్ కవరు మసకబారి అంకెలు కనబడక ఐదేళ్లయింది, అలవాటు మీద నొక్కుతారు. కాబట్టి ఎర్ర అక్షరాలు వస్తువు విలువ తెలియని జనాన్ని ఉద్దేశించి రాసినవని మాస్టారు తీర్మానించారు. పొర ఎక్కడా ముడత పడకుండా, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్టును దాని మీదే రాసి, కూలర్‌ను గట్టిగా బిగించారు.

సంగతి పాఠకులకు ఇక్కడే తెలిసిపోయింది. కంగారు పడి ప్రయోజనం లేదు. మాస్టారికి తెలియడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది.

సోమవారం తీసుకున్న చర్యల గురించి ఇదివరకే మనవి చేసుకున్నాం. ఊరికే కూర్చున్న మనిషి కూడా వంద వాట్ల బల్బంత వేడి పుట్టిస్తాడని మాస్టారు ఏటా క్లాసులో చెబుతారు. ఆ లెక్కన భార్యను వరండాలోకి పంపడమంటే ఒక బల్బు ఆర్పడమే. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి అలసి వచ్చి, చేతిలో సంచి కూడా దించకుండా, వరండాలో నిలబడి చల్లారింది.

"మనిషికి నలభై దాటితే ఐసీయూలో పడుకోబెడతాం. దీనికి తొంభై తొమ్మిది. ఎవరికైనా చూపించకూడదూ?" అంది కిటికీలోంచి.

"చూపించడానికి నాకంటే తెలిసినవాడు ఎవడున్నాడు?" అన్నారు మాస్టారు.

అది నిజమే. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

మంగళవారం నాడు క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టారు. వేడి తొంభై ఎనిమిదికి దిగింది. ఈ విజయాన్ని పురస్కరించుకుని మాస్టారు ఒక రిజిస్టర్ ప్రారంభించారు. అరగంటకోసారి ఉష్ణోగ్రత రాసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, వాటిని కలిపి గోడకు అంటించారు. అంత అందమైన గ్రాఫు ఆయన సర్వీసులో ఏ విద్యార్థీ గీయలేదు. కూతురి వీడియో మాత్రం గ్రంథాలయం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

బుధవారం పేస్టు మీద అనుమానం వచ్చింది. కూలర్ ఊడదీసి, పాత పేస్టును దూదితో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టారు. ఫలితం లేకపోయేసరికి మళ్లీ ఊడదీసి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత పెట్టారు. మూడోసారి గోడకు సున్నం వేసినట్టు పూశారు. ఊడదీసిన ప్రతిసారీ ప్లాస్టిక్ పొరను అద్దంలా తళతళలాడేట్టు తుడిచారు. ఎర్ర అక్షరాలు ఆయన ముఖంలోకి చూశాయి. ఆయన కళ్లజోడు సర్దుకుని, అక్షరాలు చెరిగిపోలేదు కదా అని చూసుకుని, సంతృప్తి చెందారు.

గురువారం విషయాన్ని ప్రజల ముందు పెట్టారు. సొంతంగా కంప్యూటర్లు బిగించుకున్నవారి వాట్సాప్ గుంపు ఒకటుంది. పదకొండు వందల మంది సభ్యులు. అందరికీ కంప్యూటర్లున్నాయి, అందరికీ వేడి ఉంది, అందరి దగ్గరా మందుంది. లోపల ఎర్ర లైట్లు వెలుగుతుంటే వేడెక్కుతుంది, నీలం లైట్లు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. మాస్టారు ఇరవై రెండేళ్ల శాస్త్రజ్ఞానాన్ని పక్కన పెట్టి నీలం లైట్లు పెట్టారు. ఒక డిగ్రీ తగ్గింది. ఆ రోజు వాన పడిందన్న సంగతి రిజిస్టర్‌లో నమోదు కాలేదు. కూలర్ అడుగున ప్లాస్టిక్ తీశారా అని ఒక సభ్యుడు అడిగాడు. నేను ఫిజిక్స్ టీచర్నండీ అని మాస్టారు జవాబిచ్చారు. దాంతో ఆ సభ్యుడు క్షమాపణ చెప్పుకున్నాడు.

శుక్రవారం మాస్టారికి జ్ఞానోదయమైంది. వేడి వల్ల ఇంట్లో కలిగిన అశాంతికి అసలు కారణం వేడి కాదు, వేడిని చూపించే అంకె. ఆ అంకె కనబడినందువల్లే కూతురు దిగులు పడుతోంది, భార్య కిటికీలోంచి మాట్లాడుతోంది. తెర మీద ఆ అంకె ఉన్నచోట నాలుగంగుళాల కాగితం ముక్క అంటించారు. ఆరిపోయే ముందు యంత్రం చేసే కీచు శబ్దాన్ని ఆపించారు. తరువాత భార్యాబిడ్డలను వరండాలో సమావేశపరిచి ప్రసంగించారు.

"ఈ క్షణం నుంచి మనింట్లో ఉష్ణోగ్రత సమస్య లేదు. అది ఆరిపోతోందని ఎవరూ అనకూడదు. విశ్రాంతి తీసుకుంటోంది అనాలి. గొప్ప యంత్రాలన్నీ మధ్యమధ్య విశ్రాంతి తీసుకుంటాయి."

సమావేశం ముగిసేలోపే యంత్రం విశ్రాంతి తీసుకుంది.

శనివారం మధ్యాహ్నం కూతురు కుర్చీలోంచి లేవకుండానే ఏడ్చింది. పెద్దగా ఏడవలేదు. మోచేతిలో ముఖం పెట్టుకుని, భుజాలు కదలకుండా జాగ్రత్తపడుతూ ఏడ్చింది. నాన్న యంత్రం మీద ఫిర్యాదు చేస్తున్నట్టు కనబడకూడదని ఆ పిల్ల తాపత్రయం. మాస్టారు చూశారు. ఆ వారంలో తనకు తెలియని విషయం ఒకటుందని ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క క్షణమే, అదీ మనసులో.

"మావయ్య కొట్లో చేసుకుంటా నాన్నా. ఒక్కరోజు," అంది కూతురు.

"ఇంట్లో ఇంత యంత్రం పెట్టుకుని వాడి గడప తొక్కుతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

భార్య ఈసారి పది నిమిషాలు చల్లారకుండానే లోపలికి వచ్చింది. ఉత్తర్వుల కాగితాన్ని గోడ మీంచి లాగి నాలుగు మడతలు పెట్టింది.

"మీ పరువు చల్లగా ఉండాలని పిల్ల ఏడాది తగలెట్టుకోవాలా? మీరు చేస్తారా ఫోను, నన్ను చెయ్యమంటారా?"

ఇరవై రెండేళ్ల ఉష్ణం పాఠం ఆ ఒక్క వాక్యం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. మాస్టారే ఫోను చేశారు. చిన్న అనుమానం ఉంది, ఒకసారి వచ్చి నా పద్ధతి సరైనదేనని చూసి వెళ్లమన్నారు.

బావమరిది కొట్టు కట్టేసి పావుగంటలో వచ్చాడు. గోడ మీది గ్రాఫు చూశాడు, తెర మీది కాగితం ముక్క చూశాడు. అక్కను కాఫీ పెట్టమన్నాడు. మేనకోడల్ని ముఖం కడుక్కుని రమ్మన్నాడు. వాళ్లు లోపలికి వెళ్లాక, మాస్టారు పక్కన నిలబడి ఉండగా, కూలర్ ఊడదీసి తిరగేశాడు.

బావమరిది గోరుతో పొర అంచు లేపి చర్రున లాగాడు. దాని వెంట ఎర్ర అక్షరాలూ, సున్నంలా పూసిన పేస్టూ ఊడివచ్చాయి. లోహానికీ లోహానికీ మధ్య ప్లాస్టిక్. ప్లాస్టిక్ అధమ వాహకం, వేడిని తన గుండా పోనివ్వదు. పరీక్షలో ఏటా నాలుగు మార్కుల ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు రాయలేక వెనకబడిన పిల్లలందరినీ మాస్టారు బెంచీ ఎక్కించి నిలబెట్టేవారు. ఇప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది, నేల అందుకు ఒప్పుకోలేదు.

బావమరిది ఆ పొరను చిన్నగా మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. కొత్త పేస్టు రాసి, కూలర్ బిగించి, స్విచ్ వేశాడు. అక్క కాఫీతో వచ్చేసరికి తెర మీది కాగితం తీసేసి ఉంది. నలభై ఆరు డిగ్రీలు.

"ఏమైందిరా?" అంది అక్క.

"ఏం లేదక్కా. ఫ్యాన్ వైరు ఒకటి తయారీలోనే కాస్త తేడాగా వచ్చింది. బావగారు బిగించడం మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మా కుర్రాళ్లు కూడా ఇంత శుభ్రంగా బిగించరు," అని కాఫీ తాగి వెళ్లిపోయాడు.

"చూశావా, నేను మొదట్నుంచీ తయారీలో లోపమనే అంటున్నాను," అన్నారు మాస్టారు. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు.

యంత్రం పద్నాలుగు గంటలు గుక్క తిప్పుకోకుండా పనిచేసింది. ఆదివారం ఉదయం ముగ్గురూ ఒకే గదిలో, కరకరలాడే సోఫా మీద కూర్చుని వీడియో చూశారు. గ్రంథాలయం గుమ్మం దాటి, మెట్లెక్కి, కిటికీల్లోంచి వెలుతురు పడే పొడవాటి గది దాకా నడిచారు. కూతురు నాన్న భుజం మీద తల ఆనించి థాంక్స్ నాన్నా అంది. ఆ థాంక్స్ ఎవరికి చెందాలో మాస్టారికి తెలుసు. అయినా ఆయనే ఉంచుకున్నారు.

సోమవారం కూతురు కాలేజీలో వీడియో అప్పగించిన సమయానికి మాస్టారు తొమ్మిదో తరగతిలో ఉష్ణం పాఠం చెబుతున్నారు. వెనక బెంచీ అమ్మాయి లేచి, అధమ వాహకాలకు నిజజీవితంలో ఒక ఉదాహరణ చెప్పమంది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని ఆగిపోయారు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడి నుంచి దారి మార్చుకుంది.

"మా బావమరిది ఒకడున్నాడు. కంప్యూటర్లు అమ్ముతాడు, తెలుసా? వాడు ఏం చేశాడంటే..."

క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం టీచర్ల గదిలో నవ్వారు. సాయంత్రానికి వీధిలో నవ్వారు. రెండు రోజుల్లో కథ బావమరిది కొట్టుకు కూడా చేరింది. అతను ఆసాంతం విని, బావగారు పాఠం చెబితే అలాగే కళ్లకు కట్టినట్టుంటుంది అన్నాడట.

ఈ కథ రాసినవాడికీ ఆ మాస్టారికీ ఏ సంబంధమూ లేదని ఇందుమూలంగా స్పష్టం చేయడమైనది. ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడు, అంతే. మీ ఇంట్లో జరిగినవి నలుగురికీ చెప్పేటప్పుడు మీరూ ఇదే పద్ధతి పాటిస్తున్నారని మాకు తెలుసు. బావమరిది లేనివారు తోడల్లుడితో సరిపెట్టుకోవచ్చు.