రెండు తలల దూడ, ఒకే తాళంచెవి

ఆ మే నెల ఉదయానికి వెర్నా హాస్కెట్ అన్నీ ఏర్పాటు చేసి పెట్టుకుంది. పర్యాటకుల బస్సులు నడిపే కంపెనీ నుంచి, అవి ఏ ఊళ్ళో ఆగాలో తేల్చడానికి మిస్ కెస్లర్ అనే ఆవిడ వస్తోంది. మొదట మ్యూజియం, తర్వాత గుర్రపు జీనులు కుట్టే దుకాణం, మధ్యాహ్నం నడీన్ హోటల్లో భోజనం, నడీన్ స్వయంగా చేసే యాపిల్ పై అనే తీపి వంటకం, చివర్లో వేడినీటి బుగ్గలో కాళ్ళు ముంచి కూర్చోవడం. కాళ్ళు నీళ్ళలో ఉండగానే ఆవిడ చేత ఔననిపించాలి. వేసవి బస్సులు తమ ఊరు సాల్ట్ ఫోర్క్‌లో ఆగితే మ్యూజియం నిలబడుతుంది. గుట్ట అవతలి పిండర్‌లో ఆగాయంటే, కారే కప్పు బాగుచేయించే స్తోమత తమకు లేదనీ, మంచు పడకముందే తలుపులు మూసేయాలనీ టౌను కౌన్సిల్ తేల్చి చెప్పేసింది. ఆ తలుపులు రోజూ తీసే మనిషి వెర్నాయే. వాటిని మూసే ఉద్దేశం ఆవిడకు లేదు.

ఆవిడ నమ్మకమంతా రెండు తలల దూడ మీద. ఎప్పుడో పాతకాలంలో పుట్టిన రోజే పోతే, లోపల గడ్డి కూరి నిలబెట్టిన దూడ అది. ఎడమ తలకు చెవి ఊడిపోతే జీనుల దుకాణంలో కుట్టించింది. దాన్ని మళ్ళీ మ్యూజియంకు చేర్చడానికి తన తెల్ల పికప్ బండి వెనక నిలబెట్టి, టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి, వంట సంగతి ఒకసారి చూసుకుందామని నడీన్ హోటల్ ముందు బండి ఆపింది.

సాల్ట్ ఫోర్క్‌లో బండి దిగినవాళ్ళెవరూ తాళంచెవి జేబులో వేసుకోరు, బండికే వదిలేస్తారు. దొంగల భయం లేదు. పైగా జేబులో వేసుకున్నా లాభం లేదు. బొగ్గు గని మూతపడ్డప్పుడు కంపెనీ తన తెల్ల పికప్‌లన్నీ వేలం వేసింది. చాలామటుకు ఊరివాళ్ళే కొన్నారు, మిగిలినవి కాస్పర్‌లో బళ్ళు అద్దెకిచ్చేవాడు పట్టుకుపోయాడు. అన్నీ ఒకే రకం, ఒకే రంగు. కంపెనీ పొదుపరిది కావడంతో అన్నిటికీ ఒకే తాళంచెవి సరిపోతుంది. ఏ బండి ఎవరిదో సొట్టలు చూసి పోల్చుకోవాలి. తొందరలో ఉన్నవాళ్ళకు సొట్టలు చూసే తీరిక ఉండదు.

అప్పటికే హోటల్లో ఉన్న పశువుల డాక్టరు డబ్ ప్రూయిట్ కూడా తొందరలోనే ఉన్నాడు. "హోబార్ట్ ముసలాయన దూడకి నయమైంది, బండిలో ఉంది, దింపేసి వస్తా" అంటూ నిలబడే కాఫీ ముగించి, వెర్నాకు టోపీ ఎత్తి వెళ్ళిపోయాడు.

"కాస్త కూర్చోవే తల్లీ, పొద్దున్నించీ కాలు నిలవకుండా తిరుగుతున్నావు" అంది నడీన్.

"నేను కూర్చుంటే పిండర్ వాళ్ళు బస్సులు తన్నుకుపోతారు. యాపిల్ పై సరిగ్గా వచ్చిందా?"

"ఇన్నేళ్ళు వచ్చింది ఇవాళ రాదా? నీ దూడ సంగతి చూసుకో."

"దూడకేం! నేనున్నాగా!" అంది వెర్నా. బయటికొచ్చి, టార్పాలిన్ కప్పిన తెల్ల పికప్ ఎక్కి, మ్యూజియం ముందు ఆపింది. తాళ్ళు విప్పుతుంటే టార్పాలిన్ దగ్గింది.

గడ్డి కూరిన దూడ దగ్గదు. వెర్నా గుడ్డ ఎత్తి చూసింది. ఎర్రటి దూడ, ప్రాణంతో ఉంది. ఆవిడ రెండు తలల కోసం వెతికితే ఒకటే దొరికింది, అది కూడా ఆవిడ చెయ్యి నాకింది. డబ్ తన బండి ఎక్కి పోయాడని వెంటనే అర్థమైంది. లోపలికి పరిగెత్తి ఫోను అందుకుంది.

"నడీన్, డబ్ ఎంత దూరం పోయుంటాడు? నా బండి పట్టుకుపోయాడు!"

"నీ బండి ఇక్కడే ఉంది కదా, కిటికీలోంచి కనిపిస్తోంది. తెల్లది, వెనక టార్పాలిన్ కప్పి."

వెర్నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. డబ్ తప్పు తెలుసుకుని దారిలోంచే వెనక్కి తెచ్చి పెట్టాడన్నమాట. బయట ఈదురుగాలి కొడుతోంది, జబ్బుపడి లేచిన దూడను గాలిలో వదలబుద్ధి కాలేదు. దాన్ని మ్యూజియంలో గుర్రపు బండి చక్రానికి కట్టి, డబ్ బండికి టార్పాలిన్ మళ్ళీ కప్పి, దాంట్లో హోటల్‌కు పోయి, దాన్ని అక్కడ వదిలి, కిటికీ ముందున్న తెల్ల బండి ఎక్కి వచ్చేసింది. టార్పాలిన్ ఎత్తి చూడలేదు. అనుమానించడం ఆవిడ స్వభావం కాదు.

తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఇంకో తెల్ల పికప్ ఉంది. లోపల, భుజానికి సంచీ తగిలించుకున్న ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ మెడకు చుట్టుకున్న స్కార్ఫ్ ఒక కొస దూడ నోట్లో ఉంది. ఊరు స్థాపించిన పెద్దమనిషి బొమ్మకు ఉండాల్సిన గడ్డి టోపీ అప్పటికే సగం లేదు.

"మిస్ కెస్లర్! సరైన సమయానికి వచ్చారు!" అంది వెర్నా, ఇదంతా తన ఏర్పాటే అన్నట్టు. "మా ఊరికే గర్వకారణమైనది ఇప్పుడే తెచ్చాను. ఇటు రండి." ఆవిడను చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకెళ్ళి, తాళ్ళు విప్పి, టార్పాలిన్‌ను ఒక్క ఊపున లాగేసింది.

శవపెట్టె. నున్నగా పాలిష్ పట్టిన పైన్ చెక్క, ఇత్తడి పిడులు, మూత మీద హోబార్ట్ లంట్ అని పేరు.

మిస్ కెస్లర్ మూత మీది పేరు చదువుకుంది. తర్వాత మెల్లిగా, "ఎప్పుడు పోయారండీ?" అంది.

"పోలేదండీ. నిన్ననే వచ్చి మేకులు కొనుక్కెళ్ళాడు."

"మరి ఇది?"

"ఆయనకు ముందుచూపు ఎక్కువ" అంది వెర్నా. ఇది ఫర్నిచర్ దుకాణంలో శవపెట్టెలు కూడా చేసే క్లైడ్ బండి అని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఏం చెయ్యాలో ఆలోచించేలోపు వాన మొదలైంది. కొత్త పాలిష్ తడిస్తే క్లైడ్ ఊరుకోడు. "మీరు ఆ పక్క పట్టుకుంటారా?" అంది. మిస్ కెస్లర్ పట్టుకుంది. ఇద్దరూ కలిసి పెట్టెను లోపలికి మోసి, కప్పు కారని చోటు వెతికి దింపారు.

ఆయాసం తీరకముందే గుమ్మంలో బళ్ళు ఆగాయి. ముందు వెర్నా బండిలోంచి డబ్, హోబార్ట్ లంట్ దిగారు. వెనక డబ్ బండిలోంచి క్లైడ్ దిగాడు.

"నా దూడకి తల అతికించింది ఎవరు?" అంటూ లోపలికొచ్చాడు హోబార్ట్. "డబ్ వచ్చి టార్పాలిన్ ఎత్తితే దూడకి రెండు తలలు, ప్రాణం లేదు. క్లైడ్ వచ్చి టార్పాలిన్ ఎత్తితే పెట్టె లేదు, అన్నీ పశువుల మందు సీసాలు. ఈ ఊళ్ళో మనిషి నిశ్చింతగా చచ్చే వీలు కూడా లేకుండా చేశారు కదర్రా!"

"'ఏం మందు పోశావురా, రెండో తల మొలిచింది' అని ఈ ముసలాయన నన్ను పట్టుకుని కుదిపేశాడు, వెర్నా!" అన్నాడు డబ్.

క్లైడ్‌కు తలల గొడవ పట్టలేదు. పెట్టె చుట్టూ తిరిగి గీతలు పడలేదని చూసుకుని, "పెద్దాయనా, ఎలాగూ వచ్చావు, ఇక్కడే పడుకుని చూడు. కొలత కుదరకపోతే మళ్ళీ మోసుకొచ్చే ఓపిక నాకు లేదు" అన్నాడు.

హోబార్ట్ బూట్లు విప్పి పెట్టెలో పడుకున్నాడు. "భుజాల దగ్గర బిగుతుగా ఉంది."

"కోటు విప్పు."

"చలికాలంలో పోతేనో?"

యజమాని గొంతు విని దూడ కట్టు తెంపుకుని వచ్చి, పెట్టెలోకి మెడ చాచి ఆయన చెవి నాకడం మొదలుపెట్టింది. "దానికి పాలవేళయింది" అంటూ డబ్ పాలసీసా తెచ్చి, దగ్గర్లో ఖాళీ చేతులతో ఉన్న మనిషి మిస్ కెస్లరే కాబట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. భోజనానికి ఎవరూ రాలేదని విసుక్కుంటూ నడీన్ గొడుగేసుకుని యాపిల్ పై తెచ్చేసింది. పెట్టడానికి బల్ల కనపడక శవపెట్టె మూత మీదే కోసి, మొదటి ముక్క హోబార్ట్‌కు ఇచ్చింది. ఆయన లేవకుండానే తిన్నాడు.

వెర్నా ఒక మూల నిలబడి అంతా చూసింది. పొద్దున వేసుకున్న ఏర్పాటులో ఒక్కటీ జరగలేదు. జీనుల దుకాణం లేదు, వేడినీటి బుగ్గ లేదు. కప్పు నుంచి జారిన చినుకులు ఆవిడ బూట్ల మీద పడుతున్నాయి. ఇన్నేళ్ళూ ఎవరి ముందూ తడవని కళ్ళు ఇప్పుడు తడిసేలా ఉన్నాయి. అయినా నిటారుగా నడిచి మిస్ కెస్లర్ దగ్గరికి వెళ్ళింది.

"మీకు చూపిద్దామనుకున్నది ఏదీ చూపించలేకపోయాను. తప్పు నాది, బళ్ళది కాదు. కనీసం రెండు తలల దూడనైనా చూసి వెళ్ళండి, బయటే ఉంది."

"వద్దండీ" అంది మిస్ కెస్లర్, సీసా వంచి పట్టుకునే. "ఈ దారిలో ఊరికొకటి ఉంది. పిండర్ వాళ్ళదానికి రెండు తలలే కాదు, ఆరు కాళ్ళు కూడా ఉన్నాయి."

వెర్నా గుమ్మం వైపు తిరగబోతుంటే మిస్ కెస్లర్ ఆపింది.

"బస్సు ప్రతి శనివారం ఇక్కడే ఆగుతుంది. కానీ ఇదంతా ఇలాగే ఉండాలి. దూడ, పాలసీసా, పెట్టె, పెద్దాయన, యాపిల్ పై."

"అంటే ప్రతి శనివారం నేను చావాలా?" అన్నాడు హోబార్ట్ పెట్టెలోంచి.

"అక్కర్లేదు. పడుకుంటే చాలు."

"యాపిల్ పై ఉంటుందా?"

"ఉంటుందిలే ముసలాయనా" అంది నడీన్.

"అయితే క్లైడ్, భుజాల దగ్గర వదులు చెయ్యి."

వెర్నా అప్పటికే తేరుకుంది. "శనివారాల సంగతి నాకు వదిలెయ్యండి. నేనున్నాగా!" అంది.

వాన వెలిశాక మిస్ కెస్లర్ సంచీ తగిలించుకుని, తెల్ల పికప్ ఎక్కి, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. ఊరంతా రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఊపింది. తర్వాత వెర్నా తీరిగ్గా రెండు తలల దూడను దింపుకుందామని బళ్ళ దగ్గరికి వెళ్ళింది. డబ్ బండి ఉంది. క్లైడ్ బండి ఉంది. మూడోదానికి ఒక్క సొట్ట కూడా లేదు, టార్పాలిన్ అసలే లేదు, అద్దానికి కాస్పర్ అద్దెబళ్ళ దుకాణం చీటీ వేలాడుతోంది.

సాయంత్రం ఫోను మోగింది. "వెర్నా గారూ, మీ దూడ నా దగ్గరుంది!" అని మిస్ కెస్లర్ కంగారుగా అంది. "రేపే పంపించనా?"

"అబ్బే, తొందరేం లేదు. మీ దగ్గరే ఉండనివ్వండి" అంది వెర్నా. "మీ బస్సు ఎలాగూ వస్తుందిగా, దాంట్లో పంపండి." ఫోను పెట్టేసి, అప్పుడు మాత్రం నిజంగా కూర్చుంది.

జూన్ మొదటి శనివారం బస్సు వచ్చింది. కిటికీ పక్క సీట్లో రెండు తలల దూడ దర్జాగా బయటికి చూస్తోంది. తలలు రెండైనా టిక్కెట్టు ఒకటే కొట్టారట.