పాలపీక పార్సిల్ విజయము

సూర్యుడు ఎదురింటి నీళ్ల ట్యాంకు మీదికెక్కి, ఇవాళ ఎవరిని మాడ్చుదామా అని కిందికి తొంగిచూస్తున్న వేళ, మూడు వీధులు కలిసే చోట పెచ్చులూడి నిలిచిన నాలుగంతస్తుల మేడ శిఖరాన, ఉతికి ఆరేసిన పందొమ్మిది పొత్తిగుడ్డలు పందొమ్మిది ధ్వజపటాలై ఫెళఫెళ ఎగురుతుండగా, ఒక చంకన అయిదు నెలల ఆడశిశువునూ మరొక చేత సెల్‌ఫోనునూ ధరించి, మూడు రోజులుగా దువ్వెన ఎరుగని కేశపాశం వీరజడలై వేలాడగా, బాల్కనీ దుర్గాగ్రాన నిలిచి వీధి నలుమూలలా చూపుల శరాలు గుప్పించిన ఆ ఇంటి కోడలు, నిద్రావియోగిని, పాలసీసాపాణి, పాప తల్లి చేసిన యుద్ధం ఇది. ఓపికున్నవాళ్లు కూర్చుని వినండి. చంటిపిల్లలున్నవాళ్లు నిలబడే వినండి, మీకు కూర్చునే యోగం లేదని మాకు తెలుసు.

రాజ్యాల కోసం యుద్ధాలు జరిగాయి, రత్నాల కోసం జరిగాయి. ఈ యుద్ధం వేలెడంత వస్తువు కోసం జరిగింది. పాలపీక.

ఆ పాప పుట్టడమే తక్కువ తూకంతో పుట్టింది. తల్లిపాలు చాలక సీసా పట్టాల్సి వచ్చినప్పుడు, స్వయంవర మండపంలో నడిచే రాకుమారిలా బజారులోని పీకలన్నిటినీ ఒక్కొక్కటే పరీక్షించి, ఇది మొరటు, ఇది వగరు, దీని మొహం నాకు నచ్చలేదు అన్నట్టు నాలుక కొసతో బయటికి నెట్టేసి, తేనెరంగులో మెత్తగా ఉన్న ఒక్కదాన్నే వరించింది. అది ఊళ్లో ఏ షాపులోనూ దొరకదు, ఫోన్‌లో తెప్పించుకోవలసిందే. ఉన్న ఆ ఒక్కటీ తొమ్మిది రోజుల కిందట, పళ్లయినా లేని ఆ చిగుళ్ల ప్రచండ ఘాతానికి చీలిపోయింది. చీలిన పీకతో పడితే పాలు వరదలై పాపకు పొలమారుతోంది. చెంచాతో పడితే సగం నోట్లోకి, సగం మెడ మడతల్లోకి. పోయినవారం తూకం చూసిన నర్సమ్మ కళ్లద్దాలు తీసి మరీ చెప్పింది: "సోమవారం మళ్లీ తీసుకురా. ఇంకో వంద గ్రాములు తగ్గిందా, ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది."

ఆనాటి నుంచీ ఆ వంద గ్రాములు వంద మణుగులై తల్లి గుండెల మీద కూర్చున్నాయి. ఇవాళ శనివారం.

మరి ఆ పార్సిలో! దాని దిగ్విజయ యాత్రను ఏమని వర్ణించేది? మొదటి రోజు బయల్దేరింది. రెండో రోజు ఊరికి వచ్చింది. మూడో రోజు ఊరు దాటిపోయింది. ఎందుకు దాటిందో ఫోన్ చెప్పలేదు, ఆకాశవాణీ చెప్పలేదు. నాలుగో రోజు రెండు నదులవతల ఒకానొక గోదాములో విశ్రమించింది. ఆరో రోజున బుద్ధి తెచ్చుకుని వెనుదిరిగి, పాప ఇంటికి నడిస్తే ఏడు నిమిషాల దూరంలో ఉన్న రేకుల షెడ్డులో మకాం వేసింది. తల్లి ఆ ఏడు నిమిషాలూ అయిదు నిమిషాల్లో నడిచివెళ్లి షట్టర్ ముందు నిలిస్తే, సందులోంచి ఒక అశరీర కంఠం పలికింది: "ఇక్కడ ఇవ్వమమ్మా. ఇంటికే వస్తుంది, వెళ్లండి."

ఇంటికే వచ్చిందట కూడా! గురువారం మధ్యాహ్నం ఫోన్ టింగుమంది: "తలుపు తాళం వేసి ఉంది. మొదటి ప్రయత్నం విఫలం." ఆ సమయాన తల్లి ఆ తలుపు వెనకే, మూడు గజాల దూరంలో, పాపను భుజాన వేసుకుని పచార్లు చేస్తోంది. శుక్రవారం అదే టింగు. అదే తాళం. రెండో ప్రయత్నం విఫలం.

అప్పుడామె కోపతామ్రాక్షియై, పార్సిల్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ఇరవై రెండు నిమిషాలు పిల్లనగ్రోవి సంగీతం విని, చివరకు ఒక కోకిలకంఠాన్ని పట్టుకుంది.

"మా వాళ్లు వచ్చారు మేడం. మీ తలుపు తాళం వేసి ఉందట."

"మా తలుపుకి తాళమే లేదమ్మా! అది పోయి ఏడాదైంది. లోపల గొళ్లెం ఒక్కటే ఉంది."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం."

"చింతించకండి, పార్సిల్ ఇప్పించండి."

"రేపు మూడోసారి వస్తారు మేడం. అప్పుడు కూడా తాళం ఉంటే సరుకు వెనక్కి వెళ్లిపోతుంది. ఇంకేమైనా సహాయం కావాలా మేడం?"

"మొదటిదే కాలేదు కదా తల్లీ, ఇంకేమైనా అంటావేంటి!"

ఇదీ పూర్వకథ. కనుకనే శనివారం పొద్దున ఆమె వంటింటి గడపలో నిలబడి, చెంచాను ఖడ్గంలా పైకెత్తి, అత్తగారి సమక్షాన ఘోర ప్రతిజ్ఞ చేసింది: "వినండి అత్తయ్యా! ఆ పార్సిల్ నా హస్తగతమగునందాక నేను స్నానమాడను! తల దువ్వను! వేడి కాఫీ ముట్టను! ఆ వంచకుడు ఈ వీధి మొగలో అడుగిడిన క్షణాన, వాడి హెల్మెట్ పట్టి ఈడ్చుకొచ్చి, లేని తాళాన్ని వాడిచేతనే తెరిపింపజేయుదును!"

అత్తగారు టమాటాలు తరుగుతూ తలెత్తలేదు. "ఆ మూడూ నువ్వు మూడు రోజుల్నుంచీ ఎలాగూ చెయ్యట్లేదు కదే అమ్మాయ్. ఇందులో కొత్త ఒట్టేముంది?"

ఆ కంఠం సామాన్యమైనది కాదు. ఆవిడ గుసగుసలాడితే రెండో అంతస్తువాళ్లు సమాధానం చెబుతారు. వీధి చివర్నుంచి, "ఉప్పు తక్కువేసుకోమని నేనన్నానా?" అని ఎవరో అరిచారంటే, ఆవిడ ఇంట్లో తనలో తను గొణుక్కుందన్నమాట.

తల్లి బాల్కనీ మీద కాపలా నిలిచింది. ఎందుకంటే ఆ వంచకుడు మేడ మెట్లు ఎక్కకుండానే, ఎక్కడో నీడపట్టున కూర్చుని 'తాళం' అని నొక్కేస్తున్నాడని ఆమె దృఢ విశ్వాసం. తొమ్మిదయింది. పదయింది. కూరగాయల బండి వచ్చింది, శత్రువు రాలేదు. గ్యాస్ బండి వచ్చింది, శత్రువు రాలేదు. మధ్యలో పాలు కాచి చల్లార్చడానికి మాత్రం ఒక్క పావుగంట లోపలికెళ్లొచ్చింది. పదకొండుకు పాప ఆకలి శంఖం పూరించింది. చెంచాతో నాలుగు గుటకలు పోసిందో లేదో, పాప చెంచాను ఎడమచేత్తో కొట్టి కిందపడేసి, ఎర్రబడి, ఒళ్లంతా విల్లులా వంచి, లోకాలు దద్దరిల్లేలా ఏడ్చింది. తల్లికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి ఏదీ?

సరిగ్గా అప్పుడు ఫోన్ టింగుమంది.

"తలుపు తాళం వేసి ఉంది. మూడవ ప్రయత్నం విఫలం. మీ సరుకు వాపసు పంపబడుతుంది."

అదే క్షణాన కింద జెరాక్స్ షాపు రేకుల కింద నుంచి, వీపున నల్ల సంచి పర్వతాకారంగా ఊగుతుండగా, ఒక ఎర్ర హెల్మెట్ వెలుపలికి వచ్చింది!

"పట్టండి!" అని ఫోన్ అత్తగారి చేతిలో కుక్కి, ఏడుస్తున్న పాపను భుజానికి అదుముకుని, ఒక కాలికి తన చెప్పు, మరో కాలికి మగడి చెప్పు తొడిగి, ఆ వీరమాత మెట్ల మీదికి లంఘించింది. కొండచరియ విరిగిపడ్డట్టు, కట్ట తెగిన చెరువు ఊరి మీద పడ్డట్టు, నాలుగో అంతస్తు, మూడో అంతస్తు, సైకిలు అడ్డం పెట్టిన రెండో అంతస్తు, ఎప్పుడూ తడిగా ఉండే మొదటి అంతస్తు దాటి, టపా ఒక శబ్దం, టప్పు మరొక శబ్దంగా చెప్పులు యుద్ధభేరులు మోగించగా, బండి స్టార్టు చేస్తున్న శత్రువు ముందు వెళ్లి నిలిచింది.

"ఓరీ ద్విచక్రవాహనాధమా! శిశుక్షుధాగ్నికి సమిధలు పేర్చు కఠినాత్ముడా!" అని గర్జించాలని దారిలో ఆమె నిశ్చయించుకున్న మాట నిజం. కానీ ఊపిరాడక, నోట వచ్చింది ఇదీ:

"ఏమయ్యా! కళ్లున్నాయా నీకు?"

శత్రువు హెల్మెట్ తీశాడు. లోపల ముప్పై ఏళ్ల చెమటోడిన మొహం. వాడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "ష్... మెల్లగా అక్కా. పాప లేస్తుంది."

చూసుకుంటే, మూడు జోలపాటలు చేయలేని పని నాలుగంతస్తుల కుదుపులు చేశాయి. పాప ఆమె భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయింది.

"మా పాప సంగతి నీకెందుకు?" అంది తల్లి గొంతు తగ్గించి, కోపం మాత్రం తగ్గించకుండా. "అసలు మేడెక్కావా నువ్వు?"

"ఎక్కాడమ్మా," అన్నాడు జెరాక్స్ షాపు బాబాయ్, లోపలినుంచి తల బయటపెట్టి. "మూడు రోజుల్నుంచి చూస్తున్నాగా. ఎక్కుతాడు, పది నిమిషాలుంటాడు, దిగొచ్చి నా దగ్గర మంచినీళ్లు తాగుతాడు. మీ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదు, పలకరించి వస్తున్నాడనుకున్నా."

"పది నిమిషాలా! పైన ఏం చేశావు?"

"నిలబడ్డానక్కా."

"నిలబడ్డావా!"

"మీరే రాశారు కదక్కా." వాడు తన ఫోన్ తీసి, ఆమె కళ్ల ముందు పెట్టాడు. చిరునామా కింద, 'డెలివరీ చేసేవారికి సూచన' అన్నచోట, ఆమె మాటలే, ఆమె రాసినవే, వరసగా నిలిచి ఉన్నాయి: పాప పడుకుని ఉంటుంది. బెల్ కొట్టవద్దు. తలుపు తట్టవద్దు. ఫోన్ చేయవద్దు. గట్టిగా పిలవవద్దు. దయచేసి.

ఏనాడో, మూడు గంటలు ఏడ్చిన పాప కన్ను మూసిన ఏ పుణ్యక్షణానో, ఒంటి వేలితో రాసి మర్చిపోయిన శాసనమది.

"దయచేసి అని కూడా ఉందక్కా. నిన్న కాస్త దగ్గాను. అదీ తప్పేమోనని మధ్యలో ఆపేశా. మా ఇంట్లోనూ చంటోడున్నాడు. లేపితే ఏమవుతుందో నాకు తెలుసు."

"మరి తాళం ఉందని ఎందుకు నొక్కావు బాబూ?"

"మాకు మూడే బటన్లిచ్చారక్కా. తాళం ఉంది, ఇల్లు దొరకలేదు, వద్దన్నారు. 'నిలబడ్డాను' అనే బటన్ లేదు."

జెరాక్స్ బాబాయ్ అటు తిరిగి మిషన్ తుడవడం మొదలుపెట్టాడు. అతని వీపు నవ్వుతోంది.

యుద్ధరంగంలో ఎదుటివాడి కోసం తీసిన కత్తి తన చీరకొంగుకే చిక్కుకుంటే ఎట్లా ఉంటుందో, ఆ వీరమాతకు అట్లా ఉంది. అయినా పాప ఆకలికి సిగ్గు లేదు. "తప్పు నాదే తమ్ముడూ. ఆ పార్సిల్ ఇటివ్వు, నీకు పుణ్యముంటుంది."

"నొక్కేశానక్కా. మూడోసారి నొక్కితే వాపసే. చేతికివ్వడానికి ఈ ఫోన్ ఒప్పుకోదు." వాడు తల గోక్కున్నాడు. "పది నిమిషాల్లోపు రద్దు చేయొచ్చు. మీ ఫోన్‌కి నాలుగంకెలు వస్తాయి, అవి కొట్టాలి. ఇప్పటికే ఆరు నిమిషాలైంది."

ఫోన్ పైన ఉంది. నాలుగో అంతస్తులో, అత్తగారి చేతిలో. వాడు రద్దు నొక్కాడు. పైన టింగుమంది. అత్తగారు ఫోన్ చూసి, బాల్కనీ మీంచి వంగి, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"వద్దు!" అన్నట్టు కింద ముగ్గురి చేతులు ఒక్కసారే లేచాయి. జెరాక్స్ బాబాయ్ చేతులతో కలిపి. తల్లి భుజం మీది పాపను చూపించి, నిద్ర అభినయించి, గాలిలో నాలుగు వేళ్లాడించి, అంకెలు కావాలని సైగ చేసింది. అత్తగారు పీల్చిన గాలిని మహా కష్టం మీద వదిలిపెట్టి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో మొదలుపెట్టింది. అయిదు. ఒకటి. తర్వాత చెయ్యి అటూ ఇటూ తిప్పింది.

"ఏమీ రాలేదంటున్నారా?" అన్నాడు తమ్ముడు.

"కాదు కాదు, సున్నా!"

అయిదు. తమ్ముడు 5-1-0-5 కొట్టాడు. ఫోన్ ఎర్రబడింది. "తప్పట. ఇంకొక్కసారే ఇస్తుందక్కా. ఎనిమిది నిమిషాలైంది."

పైన అత్తగారింకా వేళ్లు చూపిస్తూనే ఉంది. తల్లికి మెరుపు మెరిసినట్టయింది. ఒంటిచేతికి అయిదే వేళ్లు! అయిదును మించిన అంకెను ఆవిడ రెండు ముక్కలు చేసి పంపుతోంది! రెండు చేతులూ ఎత్తమని తల్లి సైగ చేసింది. అత్తగారు క్షణం ఆలోచించి, అంకెలు నాలుగూ పెదవులతో వల్లించుకుని, ఫోన్‌ను గడ్డం కింద ఇరికించి, రెండు చేతులూ ఆకాశానికెత్తింది. పందొమ్మిది పొత్తిగుడ్డల నడుమ, నోరు మూసుకున్న ఢంకాలా, ఆవిడ నిలిచిన ఆ భంగిమను ఏ శిల్పి చెక్కగలడు?

ఆరు. సున్నా. ఏడు. రెండు.

ఫోన్ ఆకుపచ్చబడింది.

పాలపీకలు రెండు. అట్టపెట్టె మాత్రం ఒక జత బూట్లు పట్టేంత. తల్లి పాపను మోస్తుంటే, తమ్ముడు ఆ పెట్టెను మోస్తూ నాలుగోసారి ఆ మెట్లెక్కి, అలవాటు కొద్దీ గడప బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "లోపలికి రా నాయనా, ఎన్నాళ్లని నిలబడతావు," అంది అత్తగారు. మెల్లగానే అన్నాననుకుంది. పాప లేచింది.

ఏడుపు ఆకాశమంటింది. పెట్టె చీలింది. లోపలి బుడగల కాగితం పటపటా పేలింది. నీళ్లు మరిగాయి, పీక మునిగింది, తేలింది, చల్లారింది, సీసా మీద పట్టాభిషిక్తమైంది. తల్లి సీసాను పాప పెదవుల దగ్గరికి తెచ్చింది. ఇదీ వద్దంటే? తొమ్మిది రోజుల్లో మనసు మారిపోయి ఉంటే?

పాప ఒకసారి నాలుకతో తాకింది. ఆగింది. గదిలో అందరూ ఆగారు. తర్వాత రెండు చేతులతో సీసాను గుంజుకుని, కళ్లు మూసుకుని, గుటక మీద గుటకగా, నూట ఇరవై మిల్లీలీటర్ల క్షీరసాగరాన్ని పదకొండు నిమిషాల్లో అడుగంటించింది. భుజాన వేసుకుని తల్లి వీపు నిమిరింది. ఒక నిమిషం. రెండు.

అప్పుడు వినిపించింది ఆ విజయశంఖారావం. బాల్కనీ దాటి, మెట్లు దిగి, జెరాక్స్ షాపుదాకా వినిపించిన త్రేన్పు. "ఒప్పుకుందా పాప?" అని కిందినుంచి బాబాయ్ అరిచాడు.

తల్లి సీసాను వెలుగుకెత్తి, అడుగున ఒక్క చుక్కైనా మిగిలిందేమోనని ఒకసారి, నమ్మకం చాలక మరోసారి, చూసుకుంటోంది.

కాబట్టి సకల జనులకూ తెలియజేయడమేమనగా: తొమ్మిది దినాల దండయాత్ర, మూడు తాళాలు, నాలుగంకెల చక్రవ్యూహం దాటి, పాలసీసాపాణియైన ఆ వీరమాత ఒక్క సీసా పాలు గెలిచింది. వంద గ్రాముల సంగతి సోమవారం చూసుకుందాం. శనివారం మాత్రం మనదే!