బండలెక్కలో దొరికిన దొంగపేరు

"మన తాండూరుల ఇంక ఒక్క దొంగ సాఫ్ట్‌వేర్ గూడ ఉండొద్దు" అని పార్టీ పట్టణ అధ్యక్షులు భీమప్ప గారు మొన్నటి సభలో చారిత్రక ప్రకటన చేశారు. చప్పట్లు ఆగాక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల యజమానులకు తలా ఒక పెన్‌డ్రైవ్ ఉచితంగా పంచారు. విలేకరిని కనుక నాకూ ఒకటి దక్కింది.

అందులో 'భీమప్ప బండలెక్క' ఉంది. రాయి కొలతలు కొడితే, ముక్కలు వృథా కాకుండా ఎక్కడ కోయాలో చెబుతుంది. తెరవగానే భీమప్ప గారు నమస్కారం పెడుతూ కనిపిస్తారు.

ఊరంతా సంతోషించింది, ఒక్క నిరోషా తప్ప. 'బండలెక్క'ను యాలాల్‌లోని తన ఇంట్లో మూడేళ్లు ఒంటరిగా కూర్చుని రాసింది తానేనని ఈ అమ్మాయి వాదన. మొదట్లో అరవై యూనిట్లు కొన్నాయట. ఎవరో పాస్‌వర్డ్ పగలగొట్టి కాపీలు పంచాక ఏటా రెన్యువల్ చేయించుకునేవాళ్లు ఇద్దరే మిగిలారు. సభ తర్వాత ఆ ఇద్దరూ ఫోన్ చేసి, ఫోటో ఉన్నదే బాగుందన్నారు. కాపీలో తప్పులొస్తే మాత్రం అందరూ ఆమెకే ఫోన్ చేస్తారు. కొత్త వెర్షన్ పని సగంలో ఆపి, ఆమె బట్టల దుకాణంలో బిల్లింగ్‌కు కుదిరింది.

సెలవు పెట్టి వికారాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ కాపీల నిరోధక కమిటీకి ఫిర్యాదు చేసింది. దాని చైర్మన్ కూడా భీమప్ప గారే కావడం ఆమె అదృష్టం. విచారణకు నేనూ వెళ్లాను.

"గిది నీదనేటందుకు రుజువేంది?" అని విచారణాధికారి పాండురంగం గారు అడిగారు.

"నేనే రాసిన సార్."

"మరి గిండ్ల నీ ఫోటో ఏది?"

"ప్రోగ్రాంల ఫోటో ఎందుకు పెడ్తం సార్?"

"అధ్యక్షులు పెట్టుకున్నరు గద. సొంతందైతేనే గద పెట్టుకునేది."

భీమప్ప గారు వినయంగా తల వంచుకున్నారు.

నిరోషా 'బండలెక్క' తెరిచి ఉన్న కంప్యూటర్ ముందుకు జరిగి మూడు కీలు ఒకేసారి నొక్కింది. నమస్కారం మాయమై తెరమీద ఒక వాక్యం వచ్చింది: 'మొగులమ్మ బిడ్డ నిరోషా చేసింది.'

"కూలికి పోయి నాకు కంప్యూటర్ కొనిచ్చింది మా అమ్మ సార్" అంది.

పాండురంగం గారు కళ్లజోడు తుడుచుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

"గిప్పుడు సమజైంది" అన్నారు. "అధ్యక్షుల సాఫ్ట్‌వేర్ల నీ పేరు ఎట్ల జొరబడ్డది?"

అనుమతి లేకుండా పేరు చొప్పించినందుకు నిరోషా క్షమాపణ పత్రం రాయాలని అక్కడికక్కడే తీర్పు వచ్చింది. కేసు మాత్రం వద్దని భీమప్ప గారు అడ్డుపడ్డారు. అంత పెద్ద మనసు.

పేరు తీయించడానికి హైదరాబాద్ నుంచి ఇద్దరు ఇంజినీర్లను రప్పించారు. వాళ్లు వారంపాటు చాయ్ తాగి, తమవల్ల కాదని వెళ్లిపోయారు.

మర్నాడు భీమప్ప గారు స్వయంగా బట్టల దుకాణానికి వచ్చి, బిల్లుకు నిలబడ్డ వరుస ముందుకు దూరి, కౌంటర్ దగ్గర గొంతు తగ్గించారు.

"బిడ్డా, ఆ పేరు తీసుడు ఎవ్వలకు వస్తలేదంట. నీకొస్తదా?"

"వెనకున్నోళ్లు రాండ్రి" అంది నిరోషా.