కానుగ చెట్టు మృతిపై విచారణ

హోసూరు నుంచి డెంకణికోట వెళ్ళే దారిలో హరితవనం లేఅవుట్ ఉంది. మొన్న ఆషాఢంలో అక్కడ కలుపు మందు కొట్టే కార్యక్రమం అత్యంత సురక్షితంగా జరిగింది. ఏ ఒక్కరికీ గోరంత గాయం కాలేదు. చచ్చింది కానుగ చెట్టు ఒక్కటే.

ఈ ఘనత లేఅవుట్ సంఘం అధ్యక్షుడు ఈశ్వరప్రసాద్‌ది. ఒంగోలు వైపు నుంచి వచ్చి, ఇక్కడొక ఫ్యాక్టరీలో భద్రతాధికారి స్థాయికి ఎదిగిన మనిషి. ఇంట్లో భార్య అమృత దోసె తిప్పేటప్పుడు కూడా చేతికి గ్లౌజు ఉందని రూఢి చేసుకున్నాకే ప్లేటు పట్టుకుంటాడు. అటువంటివాడి కంట లాన్ మీద మొలిచిన తుంగ, వయ్యారిభామ పడ్డాయి. ఆయనకు అన్నం సహించలేదు.

మందు సీసా మీది సూచనలు శ్రద్ధగా చదివాడు. గాలి వీచేటప్పుడు కొట్టరాదు. చెట్ల కింద, వేళ్ళు పారినంత మేరా కొట్టరాదు. పూల మడులకు దూరంగా ఉంచాలి. ఇంత చక్కటి మాటలు తానొక్కడే చదువుకోవడం స్వార్థమనిపించి, వాటిని ప్రతిజ్ఞగా మార్చాడు. ఆదివారం ఉదయం మందు డబ్బాకు గంధం, కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టారు. ఇళ్ళవాళ్ళందరూ హెల్మెట్లు పెట్టుకుని, చేతులు ముందుకు చాచి, తెలుగు, తమిళం, ఇంగ్లీషు భాషల్లో ప్రతిజ్ఞ పలికారు.

అప్పటికే ఆషాఢపు గాలి షామియానాను పీకేస్తోంది. వాయిదా వేద్దామని ఎవరో గొణిగారు. కానీ ముఖ్య అతిథి, ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు తిలక్ గారు, అప్పటికే వచ్చి కూర్చున్నారు. గాలిదేముంది, రేపు కూడా వీస్తుంది. తిలక్ గారు రేపు రారు. అందుకని పూల మడి చుట్టూ పసుపు రిబ్బను కట్టించి, మందు లోపలికి రాకుండా కట్టుదిట్టం చేశారు.

లాన్ నడుమనే కానుగ చెట్టు, దాని నీడన కాళమ్మ ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె చేత పట్టుకుని ఎండలో నిలబడటం మనిషన్నవాడి వల్ల కాదు కనుక, కాళమ్మ బతుకంతా ఆ నీడే.

"చెట్టు మొదట్లో గూడా కొట్టేట్టుండారే సారూ, ఏం కాదు గదా? ఇది పోతే నేను యాడికి పోయేది?" అని అడిగింది.

ఈశ్వరప్రసాద్ మైకు అందుకున్నాడు. "భద్రత మన రక్తంలోనే ఉంది కాళమ్మా. ఇప్పుడే ప్రతిజ్ఞ చేశాం. ప్రతిజ్ఞ చేశాక ప్రమాదం ఎలా జరుగుతుంది?"

చప్పట్లు మోగాయి. ఎండ చురుక్కుమంటోందని తిలక్ గారు నీడలోనే, చెట్టు మొదట్లోనే మందు కొట్టి ప్రారంభోత్సవం చేశారు.

నెల తిరిగేసరికి బంతి, చామంతి రిబ్బను దాటకుండా క్రమశిక్షణతో తలలు వాల్చాయి. కానుగ ఆకులు ముడుచుకుని రాలిపోయాయి, కొమ్మలు ఎండాయి. తుంగ మాత్రం మళ్ళీ పచ్చగా లేచింది. కాళమ్మ నెత్తిన తడి తువాలు వేసుకుని ఇస్త్రీ చేస్తూ, ఓ మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమె సంఘం ఉద్యోగి కాదు కనుక అది ప్రమాదాల లెక్కలోకి రాలేదు.

చెట్టు సంగతి మాత్రం విచారణకు వచ్చింది. ఈశ్వరప్రసాద్ ఫ్యాక్టరీలో ఏ తప్పు జరిగినా 'ఎందుకు' అని ఐదుసార్లు అడుగుతారు. ఐదో జవాబే అసలు కారణం. ఆయన అదే పద్ధతి పాటించాడు. చెట్టు ఎందుకు చచ్చింది? మందు తాగింది కనుక. ఎందుకు తాగింది? వేళ్ళు లాన్ కిందికి వచ్చాయి కనుక. ఎందుకు వచ్చాయి? చెట్టు అక్కడుంది కనుక. ఎందుకుంది? నిరుడు పార్కింగు కోసం కొట్టేయాలనుకుని మానేశారు కనుక. ఎందుకు మానేశారు? కాళమ్మ కాళ్ళావేళ్ళా పడింది కనుక.

అసలు కారణం దొరికింది. ఈశ్వరప్రసాద్‌కు ఆమె మీద కోపం లేదు, నిజానికి జాలేసింది. కానీ పద్ధతి పద్ధతే. మోడుతోపాటు బండినీ తీసేయాలని సంఘం సమావేశంలో తీర్మానం ప్రవేశపెట్టాడు.

కాళమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "అన్నిసార్లు ఎందుకు, ఎందుకు అని అడిగినారు గదప్పా. మందు కొట్టింది ఎవురని ఒకసారన్నా అడిగినారా?" అంది.

ఆ ప్రశ్న పద్ధతిలో లేదు. తీర్మానానికి అందరూ చేతులెత్తారు. అందరి ఒంటి మీదా ఆ పొద్దున ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కాలే. అక్కడుంటే మీరూ ఎత్తేవారే. చెయ్యి ఎంత పైకెత్తినా మడత చెదరలేదు.