మూడువందల మందికి ఒకే ఊపిరి

రాతిపొడి కర్మాగారంలోని మూడువందల మంది కార్మికుల్లో రెండువందల ఎనభై మంది ఊపిరితిత్తులు నిరుటి పరీక్షలో అంతకుముందుకంటే బలంగా తేలాయని యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. ఒళ్ళు గుల్లయ్యేకొద్దీ ఊపిరి బలపడే కర్మాగారం మరొకటి ఉన్నట్టు ఇంతవరకూ సమాచారం లేదు.

ఆ ప్రకటనను నోటీసు బోర్డుకు గుచ్చింది ఆరోగ్య గదిలో కొత్తగా చేరిన టెక్నీషియన్. డిగ్రీ చదివింది. పెళ్ళయి మూడు నెలలు, ఉద్యోగంలో చేరి మూడు వారాలు. పొడిగదిలో పనిచేసే భర్తతో పొద్దున్నే కలిసి నడిచి రావడం, గేటు దగ్గర విడిపోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకోవడం... లోకంలో ఇంతకు మించిన వైభోగం ఉంటుందని ఆమెకు తోచదు. కొత్త దిండు గలీబులు ఆరేస్తూ కూడా కూనిరాగాలు తీసే రకం. ఉన్న లోటల్లా ఆయన దగ్గు. ముద్దుగా ఏదో చెప్పబోతాడు. సగంలో దగ్గు అందుకుంటుంది.

“ఏమండీ, ఎక్కడైనా చూపించుకోరాదూ?”

“నీ రిజిస్టర్లోనే చూడవోయ్. పదిహేడో నంబరు. ఊపిరి భేషుగ్గా ఉందని రాశారు” అన్నాడాయన. అని, ఆ సంతోషంలో ఇంకాస్త దగ్గాడు.

చూసింది. నిజమే. రాతలో ఉన్నదాన్ని అనుమానించడం చదువుకున్నవాళ్ళకు చేతకాదు కనుక, దగ్గునే అనుమానించింది.

ఈ ఏటి ఊపిరి పరీక్షకు ముందురోజు రికార్డు గది గుమాస్తా వచ్చాడు. బానంత ఛాతీ. ఏనాడూ పొడిగది గడప తొక్కిన పాపాన పోలేదు. అందరూ ఆప్యాయంగా తిత్తి బాబాయ్ అంటారు.

“నువ్వు నంబరు పిలు అమ్మడూ, నేను గొట్టంలో ఊదుతా. ముల్లు ఎక్కడిదాకా పోతే అదే ఆ నంబరువాడి ఊపిరని రాసెయ్. మంచినీళ్ళు మాత్రం దగ్గర పెట్టుకో. చివరికొచ్చేసరికి నా ప్రాణం తోకకొస్తుంది.”

“మరి వాళ్ళు రారా బాబాయ్?”

“వాళ్ళొస్తే మిషన్లు ఎవరు తిప్పుతారే పిచ్చిదానా?”

ఇందులో మోసమేమీ లేదు, పద్ధతి. ఎంత బాబాయ్ అయినా మనిషే కదా, రెండువందల ఎనభై దాటేసరికి కళ్ళు తేలేస్తాడు. అందుచేత చివరి ఇరవై నంబర్లకూ ఏటా ఊపిరి జబ్బు నిర్ధారణ అవుతుంది. మానవతా దృక్పథంతో వారిని కిటికీలూ ఫ్యాన్లూ ఉన్న లేబుళ్ళ గదిలో వేస్తారు.

ఆమె భద్రతాధికారి దగ్గరికి పరుగెత్తింది. “సార్, మావారు నిజంగానే దగ్గుతున్నారు.”

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “చూడమ్మా, వ్యక్తిగత ఊపిరి అన్నది సంకుచిత భావన. మనది సమష్టి ఊపిరి. ఇక్కడ అందరి గుండెల్లోనూ ఒకే గాలి ఆడుతోంది. ఇంతటి సమానత్వం మరెక్కడుంది? పైగా కట్టుకున్నవాడి ఊపిరిని నువ్వే తక్కువ చేసి మాట్లాడితే ఎలా?”

ఆ సాయంత్రం ఇంటి మెట్లెక్కుతూ భర్త మూడుచోట్ల ఆగాడు. ఉన్నవి పన్నెండు మెట్లు.

ఆమె పరీక్షా నిబంధనలు పద్దెనిమిది పేజీలూ చదివింది. ఒకటో నంబరుతోనే మొదలుపెట్టాలని ఎక్కడా లేదు. మర్నాడు మూడువందలతో మొదలుపెట్టి వెనక్కి పిలిచింది. పదిహేడు దగ్గరకొచ్చేసరికి బాబాయ్ గోడకు జారబడ్డాడు. ముల్లు వణికి, కాస్త లేచి, కూలబడింది. ఆమె మనసు ఉప్పొంగింది.

“మెల్లగా ఊదినా పర్లేదు బాబాయ్” అంది ప్రేమగా.

భర్తకు ‘తీవ్ర బలహీనత’ సర్టిఫికెట్ వచ్చింది. భార్యాభర్తలు దాన్ని పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకుని మురిసిపోయారు. లేబుళ్ళ గదిలోని ఇరవై మంది రోగులూ ఒక్క పూటలో కోలుకున్నారని యాజమాన్యం మరో ప్రకటన చేసి, వారిని పొడిగదికి పంపింది. ఆరోగ్య గదికి ప్రశంసాపత్రం ఇచ్చింది.

లేబుళ్ళ గదిలో నెల తిరిగేసరికి భర్త దగ్గు తగ్గింది. ఇప్పుడు మాటలు పూర్తిగా చెప్పగలుగుతున్నాడు. తీరా వింటే వాటిలో పెద్ద విశేషమేమీ లేదు. అయినా ఆమె రెండోసారి చెప్పించుకుని వింటోంది.

ఆ రోజుల్లోనే మూడువందలవ నంబరాయన భార్య ఆరోగ్య గదికి వచ్చింది. పెద్దావిడ. కొంగుతో మొహం తుడుచుకుని బల్ల అంచు పట్టుకుంది.

“నాలుగేళ్ళుగా లేబుళ్ళు అంటించుకుంటూ కాస్త తెరిపిన పడ్డాడమ్మా. జబ్బు నయమైందని మళ్ళీ పొడిలో వేశారు. నిన్న దగ్గితే రక్తం పడింది. ఆయన ఊపిరేదో ఆయన్నే ఊదనిస్తే పోలా? మీకు పుణ్యముంటుంది.”

ఎవరి ఊపిరి వాళ్ళే ఊదితే ముసలాయన ముల్లు లేవదు. పదిహేడో నంబరుది మాత్రం ఇప్పుడు నిక్షేపంగా లేస్తుంది. లేస్తే భర్త చోటు మళ్ళీ పొడిగదే. ఆ లెక్క అర్థం కావడానికి ఆమెకు డిగ్రీ అక్కర్లేకపోయింది.

పెద్దావిడకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. చేతిలో చెయ్యి వేసి, ఎంతో దయగా చెప్పింది.

“ఎలా కుదురుతుంది పిన్నీ? ఒక్కరికోసం పద్ధతి మార్చలేం కదా.”