గుంటలో మంత్రి, గాలిలో చప్పట్లు

"ఈ గురువారం నుంచి లార్క్‌మోర్ రేడియో మరింత మన ఊరిదవుతుంది" అని కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర మంత్రి ఒరెస్ట్ హ్రింకోగారు ప్రకటించారు. మరింత మన ఊరిది కావడానికి దాన్ని మూడొందల కిలోమీటర్ల అవతల నగరంలో ఒక కంప్యూటర్‌కి అప్పగించారు. దూరదృష్టి అంటే అదీ.

ముప్ఫై ఏళ్లుగా పొద్దుటి వార్తలు చదువుతున్న వెర్నా ఫ్రీసెన్ ఉద్యోగానికి ఆ గురువారమే ఆఖరు. సోమవారం మంత్రిగారి ప్రారంభోపన్యాసం ముందుగానే రికార్డు చేస్తూ ఆమె ఒక్కటే అడిగింది.

"రోడ్డు మీద మంచు తోసే ఏబ్‌కి రోజూ ఫోన్ చేస్తానండీ. అతను దారి బాగుందంటేనే రేడియోలో చెబుతాను. ఇకమీదట ఆ ఫోన్ ఎవరు చేస్తారు?"

"కంప్యూటర్‌కి ఫోన్‌తో పనేంటమ్మా? దానికి అన్నీ ముందే తెలుసు."

"ఏబ్‌కి తెలీదండీ. వెళ్లి చూస్తాడు."

మంత్రిగారు జాలిగా నవ్వి, ఉపన్యాసం చివర చప్పట్ల రికార్డు కలపమన్నారు.

గురువారం ఆయనే కారు నడుపుకుంటూ ఊరి హాల్లో ప్రారంభోత్సవానికి బయల్దేరారు. "దారులన్నీ బాగున్నాయి, ఎండ కాస్తోంది" అంది రేడియో. అద్దం బయట మంచు తుఫాను. ప్రభుత్వాన్ని నమ్మే కొద్దిమందిలో ఆయనొకరు కాబట్టి వేగం తగ్గించలేదు. ఊరు పన్నెండు కిలోమీటర్లుందనగా కారు పక్క గుంటలో దిగబడింది.

పదకొండింటికి రేడియోలో ఆయనే పలికారు: "ప్రియమైన ప్రజలారా, ఇదిగో, మీ మధ్యే నిలబడి ఉన్నాను." చప్పట్లు. ప్రత్యక్ష ప్రసారం.

గుంటలో గంట కూర్చుని తన ఉపన్యాసం తానే వినే భాగ్యం ఎందరు నాయకులకు పట్టింది? కాళ్లు మొద్దుబారాయి. పెట్రోలు ముల్లు సున్నా మీదికి వాలింది. ఫోన్‌లో ఒక్క కాల్‌కి సరిపడా ప్రాణముంది. మంత్రి కాబట్టి పోలీసులకి కాదు, రేడియోకి చేశారు. అది నగరంలో మోగింది. అక్కడి ఉద్యోగి ఎత్తాడు.

"నేను మంత్రి హ్రింకోని. గుంటలో ఉన్నాను."

"ఆయన లైవ్‌లో ఉన్నారు సార్. డిస్టర్బ్ చెయ్యకూడదు."

"ఆ లైవ్‌లో ఉన్నది నేనేనయ్యా."

"అయితే ఇంకేం సార్, మీ ఇబ్బంది అందులోనే చెప్పండి."

ఫోన్ ఆరిపోయింది.

ఇంకో అరగంటకి ఎవరో అద్దం మీద కొట్టారు. ఏబ్.

"వెర్నా పంపింది, ఒరెస్టూ. రేడియోలో ఉన్నావు, హాల్లో లేవు, కాబట్టి గుంటలో ఉంటావంది. దిగు."

హాల్లో జనం అప్పటికే బెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె తినేసి కోట్లు తొడుక్కుంటున్నారు. రేడియోలో ఉపన్యాసం విన్నాం, మంత్రి స్టేషన్‌కొచ్చి అటే వెళ్లిపోయాడు అనుకున్నారు. వెర్నా అందరికీ విడమరిచి చెప్పింది.

"రేడియోలో మాట్లాడింది సోమవారం నాటి మంత్రిగారు. ఈ దుప్పట్లో వణుకుతున్నది ఇవాళ్టి మంత్రిగారు."

"సోమవారపాయనే నయం" అంది ముందు వరస ముసలావిడ. "పళ్లు టకటకలాడకుండా మాట్లాడాడు."

మంత్రిగారు కాఫీ తాగి తేరుకున్నారు. కత్తెర అడిగారు. రిబ్బన్ కత్తిరించారు. "నా ప్రాణం కాపాడింది మన కొత్త రేడియోయే" అన్నారు. వెర్నా తెగిన రిబ్బన్ చుట్టచుట్టి, స్టేషన్ తాళాలు ఆయన ముందు పెట్టి, ఏబ్ బండెక్కి ఇంటికి వెళ్లింది.

హాల్లో ఒక్క చెయ్యీ కదల్లేదు. మూలనున్న రేడియోలో ఉపన్యాసం మళ్లీ వేస్తున్నారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.